వచ్చిన పోలిక, కుదిరిన పోలిక

మా మేనకోడలు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక రాత్రి జంతువుల వర్గీకరణ బట్టీ పడుతోంది. మర్నాడు పరీక్ష. గబ్బిలం క్షీరదం, పెంగ్విన్ పక్షి, సాలమాండర్ ఉభయచరం అంటూ పట్టికంతా మూడుసార్లు అప్పజెప్పింది. నాలుగోసారి మధ్యలో ఆగింది.

"మామయ్యా, అన్నిటికన్నా మొదటి క్షీరదం అంటూ ఒకటి పుట్టి ఉండాలి కదా. మరి దాన్ని కన్న తల్లి క్షీరదమా, కాదా?"

నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను. చాలా ఏళ్ళుగా పిల్లలకు జీవశాస్త్రం ట్యూషన్ చెబుతున్నాను. ఆ రాత్రి మాత్రం నాకు మాట రాలేదు. తల్లి కూడా క్షీరదమే అంటే మొదటిది ఆ తల్లే అవుతుంది, ప్రశ్న ఒక తరం వెనక్కి జరుగుతుంది. కాదంటే, ఒక తరగతి జంతువు మరో తరగతి జంతువును కన్నదని ఒప్పుకోవాలి. అలా ఎక్కడా జరగదు. చివరికి "ఇది పరీక్షలో రాదులే, చదువుకో" అన్నాను. ఆ మాట గుర్తొస్తే నాకిప్పటికీ బాధగా ఉంటుంది. ఆ పట్టిక మొత్తం మీద అడగవలసిన ప్రశ్న అదే. అడిగిన పిల్లను నేనే ఆపేశాను.

తన ప్రశ్నలో రెండు పాఠాలు కలిసి ఉన్నాయి. తల్లి, బిడ్డ అనేవి అనువంశికత పాఠంలో మాటలు. క్షీరదం అనేది వర్గీకరణ పాఠంలో మాట. పిల్లలకు ఈ రెండూ విడివిడిగా అందుతాయి. ఒకటి పేర్ల జాబితాగా ఒక ఏడు వస్తుంది, రెండోది 3:1 అనే లెక్కగా మరో ఏడు వస్తుంది. మొదటిది చదివేటప్పుడు రెండోదానితో పని పడదు. రెండోది చదివేటప్పుడు మొదటిది గుర్తుండదు. ఇవి రెండు పాఠాలు కావని, ఒకటేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. వర్గీకరణ అంటే లక్షల తరాల పాటు సాగిన అనువంశికతే. అందుకని ముందు అనువంశికత చెప్పి, వర్గీకరణను అందులోంచి పుట్టించాలి. ఇప్పుడు మనం చేస్తున్నది దీనికి తలకిందులు.

తెలుగులో "పోలిక" అన్న మాట ఉంది. రెండు వస్తువులు ఒకేలా ఉంటే వాటి మధ్య పోలిక ఉందంటాం. పసిబిడ్డను చూసి "వాళ్ళ నాన్న పోలిక వచ్చింది" అని కూడా అంటాం. మొదటిది చూస్తే తెలిసే సంగతి. రెండోది ఒకరి నుంచి ఒకరికి వచ్చిన సంగతి. జీవుల్ని గుంపులుగా చేసేటప్పుడు లెక్కలోకి తీసుకోవలసింది వచ్చిన పోలికనే. సొరచేపకు, డాల్ఫిన్‌కు మధ్య ఉన్నది కుదిరిన పోలిక. నీళ్ళలో వేగంగా ఈదే ఒంటికి ఆ ఆకారం తగినది కాబట్టి రెండింటికీ అలా కుదిరింది. డాల్ఫిన్‌కు, గబ్బిలానికి మధ్య ఉన్నది వచ్చిన పోలిక. పాలిచ్చే తత్వం ఇద్దరికీ ఒకే పూర్వీకుల నుంచి అందింది. ఈ తేడా తెలియని పిల్లకు "తిమింగలం చేప కాదు" అన్నది బట్టీ పట్టాల్సిన వింతగానే మిగిలిపోతుంది.

లిన్నేయస్ దగ్గర మొదలుపెడతాను. స్వీడన్‌కు చెందిన ఈయన 1735లో "సిస్టమా నేచురే" మొదటి కూర్పు అచ్చువేశాడు. జంతువుల శాస్త్రీయ నామాలకు 1758లో వచ్చిన పదో కూర్పును, మొక్కల పేర్లకు 1753లో వచ్చిన ఆయన మరో పుస్తకాన్ని ఇవాళ్టికీ ఆరంభంగా లెక్కపెడతారు. జీవికి రెండు మాటల పేరు పెట్టే ఆయన ద్వినామీకరణం గురించి పిల్లలందరూ చదువుతారు. అయితే "సిస్టమా నేచురే"లో రాజ్యాలు రెండు కావు, మూడు. జంతువులు, మొక్కలు, వాటితోపాటు ఖనిజాలు. రాళ్ళను కూడా ఆయన అదే పద్ధతిలో తరగతులుగా, క్రమాలుగా, ప్రజాతులుగా విడదీశాడు. ఆ ఖనిజాల వర్గీకరణను ఇవాళ ఎవరూ వాడరు. జంతువులది, మొక్కలది మాత్రం ఎన్నో మరమ్మతులతో దాదాపు 300 ఏళ్ళుగా నిలబడింది. రెండూ చేసింది ఒక్కడే, చేసిన తీరూ ఒక్కటే. మరి ఒకటి ఎందుకు నిలిచింది, ఇంకొకటి ఎందుకు కూలింది?

రాళ్ళకు తల్లిదండ్రులు లేరు. అంతే. ఇక్కడ దొరికిన స్ఫటికం, ఎక్కడో వేల మైళ్ళ దూరంలో దొరికిన స్ఫటికం ఒకేలా ఉంటాయి. రసాయనం ఒకటే కాబట్టి ఉంటాయి గానీ వాటి మధ్య చుట్టరికం ఏమీ లేదు. జీవులు అలా కాదు. ఒక గుంపులో చిన్న గుంపు, దానిలో ఇంకా చిన్న గుంపు అనే అమరిక వంశవృక్షానికి సహజంగా వచ్చే ఆకారం. లిన్నేయస్‌కు ఆ సంగతి తెలియదు. ఆయన కన్ను ఆ ఆకారాన్ని పట్టుకుంది, కారణం ఆయనకు అందలేదు. మొదటి కూర్పుల్లో తిమింగలాలను చేపల్లోనే పెట్టి, 1758కి వాటిని క్షీరదాల్లోకి మార్చాడు. లక్షణాలన్నీ సమానం కావని, కొన్నే లోతైనవని ఆయనకు తోచింది. ఎందుకు లోతైనవో చెప్పడానికి ఇంకో వందేళ్ళు పట్టింది.

1859లో డార్విన్ చెప్పాడు. ఆయన పుస్తకం "ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్" మొత్తంలో ఒకే ఒక్క బొమ్మ ఉంది, కొమ్మలుగా చీలుతూ పోయే ఒక చెట్టు. ప్రకృతి శాస్త్రజ్ఞులు తమకు తెలియకుండానే వెతుకుతున్నది ఉమ్మడి పూర్వీకుల బంధాన్నేనని, నిజమైన వర్గీకరణ అంటే వంశావళేనని ఆయన వాదం. కానీ ఆ వాదంలో ఒక పెద్ద బొక్క ఉంది. లక్షణాలు తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు ఎలా వస్తాయో డార్విన్‌కు తెలియదు. రెండు రంగుల నీళ్ళు కలిపినట్టు తల్లి లక్షణం, తండ్రి లక్షణం కలిసిపోతాయని ఆ రోజుల్లో ఎక్కువమంది నమ్మేవాళ్ళు. 1867లో ఫ్లీమింగ్ జెంకిన్ అనే ఇంజనీరు సరిగ్గా ఇక్కడే వేలు పెట్టాడు. అలా కలిసిపోయే పనైతే ఏ కొత్త లక్షణమైనా కొన్ని తరాల్లో పలచబడి మాయమవుతుంది కదా, మరి కొత్త జాతి ఎక్కడి నుంచి వస్తుందని అడిగాడు. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి డార్విన్ దగ్గర గట్టి జవాబు లేదు.

జవాబు అప్పటికే అచ్చయి ఉంది. ఇప్పుడు చెక్ దేశంలో ఉన్న బ్ర్నో నగరంలో ఒక మఠవాసి, గ్రెగర్ మెండెల్, 1865లో అక్కడి ప్రకృతి శాస్త్ర సంఘంలో తన బఠాణీ ప్రయోగాల గురించి రెండు సాయంత్రాలు మాట్లాడాడు. మరుసటి ఏడాది అది అచ్చయింది. 1900లో డి వ్రీస్, కారెన్స్, చెర్మాక్ వెలికి తీసేదాకా దాని విలువ లోకానికి తెలియలేదు. మెండెల్ 1884లోనే పోయాడు.

ఇక్కడ కొంచెం నెమ్మదిగా నడవాలని ఉంది. మన పాఠం పరుగెత్తేది ఇక్కడే.

గుండ్రటి గింజల శుద్ధ వంశాన్ని, ముడతల గింజల శుద్ధ వంశంతో సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ గుండ్రటివే వచ్చాయి. ఆ గింజల నుంచి పెరిగిన 253 మొక్కల్లో స్వపరాగ సంపర్కం వల్ల 7,324 గింజలు కాశాయి. 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి. 2.96కి 1. క్లాసులో ఇక్కడ గడులు గీసి, 3:1 అని రాసి, కింద గీత కొట్టి ముగించేస్తారు. మెండెల్ అక్కడ ఆగలేదు. ఆ రెండో తరపు గుండ్రటి గింజల్నే మళ్ళీ నాటాడు. 565 మొక్కలు పెరిగాయి. 193 మొక్కలు గుండ్రటి గింజలే ఇచ్చాయి. 372 మొక్కలు రెండు రకాలూ ఇచ్చాయి. అంటే ఆ "మూడు" అనేది నిజానికి ఒకటి, రెండు కలిస్తే వచ్చిన మూడు. పైకి ఒకేలా కనిపించే గింజల్లో లోపల రెండు రకాలున్నాయి, ఆ తేడా సంతానాన్ని చూస్తేనే బయటపడింది. దృశ్యరూపం వేరు, జన్యురూపం వేరు అనే నిర్వచనాన్ని పిల్లలు ఊరికే రాస్తారు. 193, 372 అనే అంకెలు వాళ్ళ ముందు పెట్టి చూడండి, నిర్వచనం వాళ్ళే చెబుతారు. వర్గీకరణకు కావలసిన మొదటి జాగ్రత్త కూడా ఇదే. చూపుకు కనిపించేదాన్ని బట్టి తీర్పు చెప్పకూడదు, వంశాన్ని అడగాలి.

ఇంకో చిన్న సంగతి. మెండెల్ తన వ్యాసంలో అందమైన అంకెలే కాదు, వంకర అంకెలూ రాశాడు. ఒక మొక్కలో 43 గుండ్రటివి ఉంటే 2 మాత్రమే ముడతలవి. మరో మొక్కలో 14 గుండ్రటివి, 15 ముడతలవి. ఒక్క మొక్కనే చూసి ఉంటే ఎవరికీ ఏ సూత్రమూ దొరికేది కాదు. నలుగురు పిల్లలున్న ఇంట్లో కచ్చితంగా ఒకరికి ముడతలాంటి అంతర్గత లక్షణం (సంకరంలో పైకి కనిపించకుండా దాగేది) రావాలని నమ్మే విద్యార్థులు నాకు ప్రతి ఏడాదీ తారసపడతారు. వాళ్ళకు నేను ఈ రెండు మొక్కల లెక్కే చూపిస్తాను.

మరి ముడత ఎందుకు వచ్చింది? మెండెల్ చనిపోయిన వందేళ్ళకు, 1990లో, బ్రిటన్ శాస్త్రవేత్తలు ఆ జన్యువును పట్టుకున్నారు. గింజలో పిండిపదార్థం కొమ్మలుగా అల్లుకోవడానికి ఒక ఎంజైమ్ కావాలి. ఆ ఎంజైమ్ తయారుచేసే జన్యువు మధ్యలోకి దాదాపు 800 అక్షరాల డీఎన్ఏ ముక్క ఒకటి వచ్చి దూరింది. జన్యువు పాడైంది. పిండిపదార్థం సరిగా తయారుకాక గింజలో చక్కెర పెరిగింది. చక్కెర ఎక్కువైతే లేత గింజ నీళ్ళు ఎక్కువ పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండినప్పుడు ఆ నీళ్ళు పోయి తోలు ముడుచుకుంటుంది.

ఇది తెలిశాక, సంకరంలో పైకి కనిపించే లక్షణానికి వాడే "బహిర్గతం" అన్న మాటకు ఉన్న తప్పుడు అర్థం దానంతట అదే ఊడిపోతుంది. గుండ్రటి లక్షణం బలవంతుడై ముడతను అణచడం లేదు. పనిచేసే జన్యువు ఒక్కటి ఉన్నా ఎంజైమ్ సరిపోతోంది, అంతవరకే. సూక్ష్మదర్శిని కింద సంకర గింజలోని పిండి రేణువుల్ని చూస్తే అవి రెండు వంశాలకూ మధ్యరకంగా ఉంటాయి. గింజ ఆకారంలో బహిర్గతమైనదే రేణువు ఆకారంలో కాకుండా పోయింది. బహిర్గతమైనదే ఎక్కువమందిలో ఉంటుందనేది కూడా పొరపాటే. చేతికి ఆరో వేలు రావడం చాలా కుటుంబాల్లో బహిర్గత లక్షణంగా నడుస్తుంది, అయినా అరుదు. ఓ బ్లడ్ గ్రూప్ అంతర్గతం, అయినా చాలా జనాభాల్లో ఎక్కువమందికి ఉన్నది అదే.

ఈ పొరపాట్లు పరీక్షలో ఒక మార్కుతో పోయేవి కావు. నేను చదువుకున్న బడిలో నాలుక గుండ్రంగా చుట్టడం మీద ఒక పీరియడ్ జరిగింది. చుట్టగలవాళ్ళు చేతులెత్తాలి. అది బహిర్గత లక్షణమని, తల్లిదండ్రులిద్దరూ చుట్టలేకపోతే పిల్లలు చుట్టలేరని బోర్డు మీద రాశారు. మర్నాడు ఇంట్లో కనుక్కుని రమ్మన్నారు. నా పక్క బెంచీ అమ్మాయి చుట్టగలదు. వాళ్ళమ్మా నాన్నా ఇద్దరూ చుట్టలేరట. క్లాసులో ఎవరో ఒక మాటన్నారు, కొందరు నవ్వారు. ఆ అమ్మాయి వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. చాలా ఏళ్ళ తరువాత అసలు విషయం చదివాను. నాలుక చుట్టడం అనువంశికమని 1940లో రాసింది స్టర్టెవాంట్ అనే పేరున్న జన్యుశాస్త్రవేత్త. కానీ 1952లోనే ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరు చుట్టగలిగి మరొకరు చుట్టలేకపోవడం చూశారు. స్టర్టెవాంట్ స్వయంగా తన మాట వెనక్కి తీసుకున్నాడు. మేం ఆ పాఠం విన్నది ఆ తరువాతెప్పుడో. ఒకే జన్యువు, రెండే ఫలితాలు అన్న బఠాణీ లెక్కను మనుషుల మీద రుద్దినప్పుడల్లా ఎక్కడో ఒక పిల్ల తలవంచుకుంటుంది. పొడుగు సంగతే చూడండి. మెండెల్ బఠాణీల్లో పొడుగూ పొట్టీ ఒక్క జన్యువు తేడా. మనిషి ఎత్తు మీద ప్రభావం చూపే డీఎన్ఏ తేడాలు 2022 నాటి పరిశోధన ప్రకారం 12 వేలకు పైనే ఉన్నాయి, తిండీ ఆరోగ్యమూ వాటికి అదనం.

ఇప్పుడు బఠాణీ గింజలో దూరిన ఆ 800 అక్షరాల ముక్క దగ్గరికి మళ్ళీ వెళ్దాం. అలాంటి ముక్కలు దాదాపు అన్ని జీవుల్లోనూ ఉన్నాయి. డీఎన్ఏలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకుతాయి, లేదా తమ నకలును ఇంకోచోట పెడతాయి. వీటిని మొక్కజొన్నలో మొదట గుర్తించిన బార్బరా మెక్‌క్లింటాక్‌కు 1983లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక ముక్క ఎక్కడ దూరుతుందన్నది చాలావరకు యాదృచ్ఛికం. ఒకసారి దూరితే ఆ జీవి సంతానానికంతా అది అదే చోట అందుతూ పోతుంది. కాబట్టి రెండు జంతువుల డీఎన్ఏలో ఒకే ముక్క, సరిగ్గా ఒకే చోట కనబడిందంటే, విడివిడిగా దూరిందని అనుకోవడం చాలా కష్టం. ఇద్దరి పూర్వీకుల్లో ఒకేసారి దూరి, ఇద్దరికీ వచ్చిందనే అనుకోవాలి.

1990ల చివర్లో జపాన్ పరిశోధకులు ఈ పద్ధతితోనే తిమింగలాన్ని పరీక్షించారు. తిమింగలాల్లోనూ నీటిగుర్రాల్లోనూ ఒకే చోట ఉండి, ఆవుల్లో పందుల్లో ఒంటెల్లో లేని ముక్కలు దొరికాయి. బతికున్న జంతువుల్లో తిమింగలానికి అతి దగ్గరి చుట్టం నీటిగుర్రమని తేలింది. ఈ సంగతి చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ముడతల గింజను తరం నుంచి తరానికి నడిపించిన పద్ధతే తిమింగలం ఏ గుంపుదో కూడా చెబుతోంది. గింజలో చూస్తే దాని పేరు అనువంశికత. తిమింగలంలో చూస్తే వర్గీకరణ.

విటమిన్ సి కథ పిల్లలకు ఇంకా దగ్గరగా ఉంటుంది. ఎక్కువ క్షీరదాలు ఈ విటమిన్‌ను ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. మనం చేసుకోలేం. చివరి మెట్టులో పనిచేసే జన్యువు మనలో ఉంది గానీ విరిగిపోయి ఉంది. అదే జన్యువు చింపాంజీలోనూ, ఒరాంగుటాన్‌లోనూ, కోతుల్లోనూ విరిగే ఉంది. కోతులకు దూరపు చుట్టాలైన లెమూర్లలో మాత్రం పనిచేస్తోంది. అంటే లెమూర్ల దారి విడిపోయాక, కోతులకూ, చింపాంజీలాంటి తోకలేని వానరాలకూ, మనకూ ఉమ్మడి పూర్వీకులైన ఏదో వంశంలో అది పాడైంది. పనికొచ్చే అవయవం రెండు జీవుల్లో కనిపిస్తే అవసరం కొద్దీ కుదిరిందేమో అనుకోవచ్చు. పనికిరాని విరుపు రెండింటిలో ఒకేలా కనిపిస్తే చుట్టరికం తప్ప వేరే మాట చెప్పడం కష్టం. గినీపంది కూడా ఈ విటమిన్ తయారు చేసుకోలేదు. దానిలో జన్యువు విరిగిన తీరు వేరు. అది కుదిరిన పోలిక.

బ్లడ్ గ్రూపులు ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్తాయి. ఏ, బీ అనే తేడా మనుషుల్లో పుట్టింది కాదు. తోకలేని వానరాలైన గిబ్బన్లలోనూ ఏ, బీ ఉన్నాయి. ఈ తేడా మనుషులకూ గిబ్బన్లకూ ఉమ్మడి పూర్వీకుల్లోనే ఉండి, రెండు దారుల్లోనూ నడిచి వచ్చిందని 2012లో ఒక పరిశోధన చూపించింది. కనీసం 2 కోట్ల ఏళ్ళ నాటిది. మీది "ఏ" గ్రూపు, మీ తమ్ముడిది "బీ" గ్రూపు అయితే, ఆ ఒక్క జన్యువు వరకు మీ నకలు మీ తమ్ముడి నకలు కన్నా ఒక గిబ్బన్ నకలుకు దగ్గరగా ఉండవచ్చు. జాతి అనే గీత ఎంత సన్నటిదో, జన్యువు ఎంత పాతదో ఈ ఒక్క ఉదాహరణలో తెలుస్తుంది.

వంశాన్ని ప్రమాణంగా పెట్టుకుంటే బట్టీ పట్టిన పెట్టెలు కొన్ని పగులుతాయి. మొసలికి బల్లి కన్నా పక్షి దగ్గర. మొసలి గుండెకు నాలుగు గదులుండటం సరీసృపాల్లో "మినహాయింపు" అని రాయిస్తాం, చుట్టరికం చెబితే మినహాయింపు అనే మాట అవసరం ఉండదు. ఊపిరితిత్తుల చేపకు మరో చేప కన్నా మనం దగ్గర, కాబట్టి "చేపలు" అనేది వంశం కాదు, ఒక జీవన విధానం. పుట్టగొడుగు మొక్కల కన్నా జంతువులకే దగ్గర. 1969లో విట్టేకర్ ఐదు రాజ్యాలు చెప్పాడు. 1977లో కార్ల్ ఊస్, జార్జ్ ఫాక్స్ సూక్ష్మజీవుల ఆర్ఎన్ఏ పోల్చి చూసి, బ్యాక్టీరియాలా కనిపించే కొన్ని జీవులు అసలు బ్యాక్టీరియాయే కావని తేల్చారు. ఆ జీవులకు ఆర్కియా అనే పేరు వచ్చింది అలాగే. వర్గీకరణ మారినప్పుడల్లా "శాస్త్రవేత్తలు మాట మార్చారు" అనుకునే పిల్లలున్నారు. వంశం మారలేదు, దాన్ని చదివే చూపు మెరుగైంది.

నాతో ఏకీభవించని ఉపాధ్యాయ మిత్రులున్నారు. వాళ్ళ అభ్యంతరాలు తేలిగ్గా తీసేసేవి కావు. ఒకటి, చిన్నపిల్లలకు ముందు పేర్లు తెలియాలి, పేరు లేకుండా దేని గురించి మాట్లాడతాం అంటారు. నిజమే. పేర్లు వద్దని నేను అనడం లేదు. పేరు గుర్తుపట్టడానికి, వర్గీకరణ చుట్టరికం చెప్పడానికి అని ఆ రెండింటినీ విడదీసి చెప్పమంటున్నాను. రెండోది, బ్యాక్టీరియా తమ జన్యువుల్ని సంతానానికే కాక పక్కవాళ్ళకూ ఇస్తాయి, కాబట్టి వంశవృక్షం అనే బొమ్మ అక్కడ చిక్కుపడుతుందంటారు. అదీ నిజమే. మందును తట్టుకునే గుణం ఒక బ్యాక్టీరియాలో పుట్టి వేరే జాతి బ్యాక్టీరియాకు పాకేది అందుకే. కానీ ఆ చిక్కును అర్థం చేసుకోవడానికి కూడా ముందు జన్యువు ఎలా అందుతుందో తెలియాలి కదా. మూడోది, ఇవన్నీ తెలిసి ఏం ప్రయోజనం, మార్కులు పట్టికకే వస్తాయంటారు. ఆఫ్రికాలో మలేరియా మోసే అనాఫిలిస్ గాంబియే కూటమి దోమల గురించి వాళ్ళకు చెబుతాను. చూడటానికి ఏ తేడా కనపడని జాతులు ఆ కూటమిలో ఉన్నాయి. కొన్ని మనుషుల్ని కుడతాయి, కొన్ని ఎక్కువగా పశువుల్నే కుడతాయి. దోమను చూసి కాదు, దాని వంశాన్ని చదివితేనే ఏది ప్రమాదమో తెలుస్తుంది.

ఇప్పుడు నేను ట్యూషన్‌లో వర్గీకరణ మొదలుపెట్టే తీరు వేరు. నలభై అక్షరాల వరస ఒకటి రాస్తాను. అర్థం ఉండకూడదు, అర్థం ఉంటే పిల్లలు తప్పుల్ని దిద్దేస్తారు. మొదటి పిల్లవాడు దాన్ని గబగబా ఎత్తి రాయాలి. రెండోవాడు అసలు చూడకుండా మొదటివాడి కాగితం చూసి రాయాలి. మూడో కాగితం నుంచి ఇద్దరు రాస్తారు, అక్కడి నుంచి రెండు దారులు. చివరికి కాగితాలన్నీ కలిపేసి, బయట కూర్చోబెట్టిన ఇంకో గుంపుకు ఇస్తాను. ఎవరు ఎవరిని చూసి రాశారో వాళ్ళు కనుక్కోవాలి. పది నిమిషాల్లో వాళ్ళకు మూడు సంగతులు తెలిసిపోతాయి. అందరూ సరిగా రాసిన అక్షరాలు దేనికీ పనికిరావు. ఒక్కరే చేసిన తప్పు కూడా పనికిరాదు. కొందరు కలిసి చేసిన తప్పే దారి చూపిస్తుంది. విల్లీ హెన్నిగ్ అనే జీవశాస్త్రవేత్త 1950లో జర్మన్‌లో రాసిన పుస్తకం వర్గీకరణ శాస్త్రాన్ని మలుపు తిప్పింది సరిగ్గా ఈ ఆలోచనతోనే. వెన్నెముక ఉందన్న సంగతి సకశేరుకాల లోపలి చుట్టరికాలు చెప్పడానికి ఎందుకు పనికిరాదో అప్పుడు ఎవరూ వివరించక్కర్లేదు.

ఒకసారి ఒక కుర్రవాడు రెండు కాగితాలు పట్టుకొచ్చాడు. "సార్, ఈ ఇద్దరూ థ బదులు ధ రాశారు. మిగతా తప్పులు చూస్తే మాత్రం ఇద్దరూ వేర్వేరు దారులు. ఒకరిని చూసి ఒకరు రాయలేదు" అన్నాడు. థ, ధ ఎవరైనా తికమకపడే అక్షరాలే కదా, ఎవరికి వాళ్ళు తప్పు రాసి ఉంటారని పక్కనున్న పిల్ల జవాబు చెప్పింది. గినీపంది కథ ఆ రోజు చెప్పాను. సొరచేప, డాల్ఫిన్‌ల కథను వాళ్ళే చెప్పారు.

మేనకోడలికి బాకీ పడ్డ జవాబు రెండేళ్ళ తరువాత ఇచ్చాను. అప్పటికి తను ఇంటర్‌లో ఉంది. ముందు భాష గురించి అడిగాను. తెలుగు, తమిళం, కన్నడం ఒకప్పుడు ఒకే భాష. మరి తెలుగు మాట్లాడిన మొదటి మనిషిని కన్న తల్లి ఏ భాష మాట్లాడింది? తను కాసేపు ఆలోచించింది. "తల్లీ బిడ్డా ఎప్పుడూ ఒకే భాష మాట్లాడి ఉంటారు. అయినా మారిపోయింది" అంది. క్షీరదాల సంగతీ అంతేనన్నాను. ప్రతి తల్లీ తనలాంటి బిడ్డనే కన్నది. గీత మనం తరువాత గీసుకున్నది. ఆ గీతను చాలాకాలం దవడ కీలు దగ్గర గీశారు. సరీసృపాల్లో దవడ కీలు రెండు ఎముకల మధ్య ఉంటుంది, క్షీరదాల్లో వేరే రెండు ఎముకల మధ్య ఉంటుంది. దాదాపు 20 కోట్ల ఏళ్ళ నాటి మోర్గాన్యుకొడాన్ అనే చిన్న జంతువు శిలాజాల్లో ఆ రెండు కీళ్ళూ పక్కపక్కనే ఉన్నాయి.

"మరి ఆ పాత కీలు ఎముకలు ఏమయ్యాయి మామయ్యా?"

చెవిలోకి వెళ్ళాయన్నాను. పాఠంలో తను బొమ్మ గీసిన కూటకం, దాగలి అవే. 1837లో రైకెర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త పిండాల్ని పరిశీలిస్తూ, ఈ చిన్న ఎముకలు మొదట దవడ దగ్గరే మొదలవుతాయని గమనించాడు. మన ఒంట్లో కూడా అలాగేనా అని అడిగింది. అలాగే అన్నాను. తను చెవి ముందు వేలు పెట్టుకుని, నోరు మెల్లగా తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది.